ఆదివారం రమ్మన్నాను

అరకు వెళ్ళొచ్చానంటే అందరూ అడిగేవి మూడే. బొర్రా గుహలు చూశారా, సొరంగాలు లెక్కపెట్టారా, బొంగులో కోడి తిన్నారా అని. గుహల సంగతికొస్తే రైలు కిటికీలోంచి స్టేషను బోర్డు చూశాను, అంతే. సొరంగాలు ఇరవై దాకా లెక్కపెట్టి కునుకు తీశాను. కోడి తినలేదు. సరదాగా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఈ రాత వల్ల పెద్ద ఉపకారమేమీ ఉండదని ముందే చెప్పేస్తున్నాను.

నేను రిటైరైన ఇంగ్లీషు టీచర్ని. భీమిలిలో ఒక్కదాన్నే ఉంటాను. నోటి దురుసు మనిషినని పేరుంది, అందులో అబద్ధమేమీ లేదు. కాలక్షేపానికి ఒక చిన్న పత్రికలో మాటల పుట్టుక గురించి నెలకో పేజీ రాస్తుంటాను. పోయిన వానల్లో ఒకావిడ కార్డు రాసింది, "హోటలు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది మేడం?" అని. అరగంట పని కదా అని డిక్షనరీలు ముందేసుకుని కూర్చున్నాను.

వెతికితే తేలిందేమంటే, హోటలు, హాస్టలు, హాస్పిటలు మూడూ ఒక తల్లి పిల్లలు. ఆ తల్లి లాటిన్ మాట, హోస్పెస్. ఇంటికొచ్చిన చుట్టాన్నీ అలాగే అనేవారట, రమ్మని పిలిచి పెట్టిన ఇంటివాణ్ణీ అలాగే అనేవారట. మన ఆస్పత్రి కూడా పోర్చుగీసువాళ్ళ నోట్లోంచో దొరల నోట్లోంచో జారిపడ్డ అదే మాట. హోటలు గురించి అర పేజీ గడగడా రాసేశాను. హాస్టలు దగ్గరికొచ్చేసరికి కలం నడవలేదు.

ఎందుకంటే తొంభైల మధ్యలో నేను అరకు పక్కన ఒక మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టలుకి మేట్రన్‌గా ఉన్నాను. ఆ గేటు దగ్గర సోమ్రి అనే కొండ తల్లికి ఒక అబద్ధం చెప్పాను. చెప్పిన నాలుగో రోజున ఆమె కూతురు సుక్రి చచ్చిపోయింది. ఆమెతో ఆ సంగతి చెప్పాలని తొమ్మిదేళ్ళుగా అనుకోవడం, మానేయడం. ఆ పేజీ పత్రికకి పంపలేదు. కార్తీకం చివర్లో బట్టలు సర్దుకుని బయల్దేరాను.

విశాఖపట్నం

ముందు సిస్టర్ లూసియాని చూశాను. ఇటలీ ఆవిడ. నర్సుగా వచ్చి ఇక్కడే ముసలిదైపోయింది. అప్పట్లో నెలకోసారి మందుల పెట్టె పట్టుకుని మా హాస్టలుకి వచ్చేది. తెలుగు నేర్చుకున్నది ఆయాల దగ్గర. ఆ తెల్లటి ముఖంలోంచి ఆ మాటలొస్తుంటే నాకిప్పటికీ నవ్వాగదు.

"ఏటి రత్నం, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానేటి?" అంది. చేతులు వణుకుతున్నాయి గాని కాఫీ తనే కలిపింది.

నేను నా మాటల గోల మొదలుపెట్టాను. వాళ్ళ భాషలో 'ఓస్పితె' అంటే చుట్టమా, ఇంటి యజమానా అని అడిగాను.

"రెండూని."

"మరి ఇంట్లో ఇద్దరు కూర్చుంటే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"ఎవులు వంట సేత్తే ఆలే ఇంటోలు. అదీ తెలకపోతే ఏటి సదూకున్నావు?" అని నవ్వింది.

ఫ్రెంచివాళ్ళ 'ఓత్' కూడా అంతేనట, ఇద్దరికీ ఒకే పేరు. వాళ్ళ పాత ఆస్పత్రులని 'ఓతెల్ ద్యూ' అంటారు, అంటే దేవుడి హోటలు. స్పెయిను దేశంలో 'ఉయెస్పెద్' అంటే ఎక్కువగా చుట్టమే. జర్మనీవాడి గాస్ట్, రష్యావాడి గోస్త్, ఇంగ్లీషువాడి గెస్ట్ కూడా ఆ వంశంవాళ్ళే. కానీ అదే వంశంలో లాటిన్‌వాడికి ఇంకో కొడుకున్నాడు, హోస్తిస్. మొదట్లో వాడు పరాయి ఊరివాడు మాత్రమే. కొన్నాళ్ళకి ఆ మాటకి శత్రువని అర్థం వచ్చింది. చుట్టానికీ పగవాడికీ ఒకే ఇంటిపేరన్నమాట.

"అలా ఎందుకు మారింది సిస్టర్?"

"నాకేటి తెల్సు? నేను నర్సుని." కప్పు కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. "నువ్వు సోమ్రి కాడికి ఎల్తన్నావు కదూ?"

అవునన్నాను. ఆవిడ నా తలమీద చెయ్యి పెట్టి ఇటాలియన్‌లో ఏదో ప్రార్థించింది. నాకు అర్థం కాలేదు, ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఊళ్ళో పెద్దాస్పత్రికి వెళ్ళాను. సుక్రిని తీసుకొచ్చిన పిల్లల వార్డు పై అంతస్తులో ఉంది. గోడలకి కొత్త సున్నం వేశారు. మంచాల మధ్య నేల మీద తల్లులు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరో చీటీల అమ్మాయి "పేషెంటు తాలూకు వాళ్ళంతా బయటికి నడవండి, డాక్టర్లొస్తున్నారు!" అని కేకేసింది. వాళ్ళంతా చెంబులూ సంచులూ పట్టుకుని లేచారు. వాళ్ళతోపాటు నేనూ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ సుక్రి తాలూకు మనిషంటే మా ఆయా ఒక్కతే. నేను ఒక పగలుండి, సోమవారం తనిఖీ ఉందని వెనక్కి వెళ్ళిపోయాను. మంగళవారం పొద్దున ఆ పిల్ల పోయింది. ఏడో తరగతి.

కిరండోలు పాసింజరు

పొద్దున్నే రైలు. శృంగవరపుకోట దాటేదాకా మన ఊళ్ళ లాగే ఉంటుంది, తర్వాత బండి కొండెక్కుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా కేకలు. కాలేజీ పిల్లలే కాదు, పంచె కట్టుకున్న పెద్దమనుషులూ అరుస్తారు. ఎందుకరుస్తారో వాళ్ళకీ తెలియదు.

నా ఎదురుగా తునినుంచి ఒక కుటుంబం. ఆవిడ అడ్డాకులో పులిహోర పెట్టి "తీసుకోండమ్మా" అని చాపింది. నేను అలవాటుగా "బయటి తిండి తిననండీ, నాకు డబ్బా ఉంది" అనేశాను. కాచి చల్లార్చిన నీళ్ళ సీసా కూడా తీసి చూపించాను, ఏదో గొప్పలాగ. ఆవిడ "మాది బయటి తిండేం కాదండీ, ఇంట్లోనే చేశాను" అని మెల్లిగా ఆకు మడిచేసింది. మళ్ళీ అరకు దాకా నాతో మాట్లాడలేదు. ఆ తప్పు నాకు వెంటనే తట్టలేదు. తట్టేసరికి సగం సొరంగాలు అయిపోయాయి, ఆకు ఖాళీ అయిపోయింది.

వలిసె పూలు అప్పుడే విరగబూశాయి. కొండ వాలంతా పసుపు రంగు. కింద మన పొలాల్లో ఈ పంట కనిపించదు. నూనెకి వేస్తారు. బొర్రా స్టేషన్లో జామకాయలమ్మే ముసలామె ఐదు రూపాయలకి ఎనిమిది ఇచ్చి, తొమ్మిదోది కొసరు వేసింది. భీమిలిలో ఆ డబ్బుకి మూడొస్తాయి, కొసరు అడిగితే తిట్లొస్తాయి.

అరకులో హోటలు

రోడ్డు పక్కన రేకుల పాక, నాలుగు బల్లలు, సుద్దతో 'హోటల్' అని రాసిన పలక. నడిపేది పైడమ్మ. పాలకొండ వైపు మనిషి. నాలుగిడ్లీ ఐదు రూపాయలు, టీ రెండు. పచ్చడి నీళ్ళలా ఉంది, ఇడ్లీ మాత్రం మెత్తగా ఉంది. పులిహోర పాపం పోగొట్టుకోవడానికి ఆరు తిన్నాను.

ఊరుకోలేక అడిగాను. "హోటలంటే ఏమిటో తెలుసా పైడమ్మా?"

"తెలకేటి? డబ్బులు పుచ్చుకుని కూడెట్టేది."

"డబ్బుల్లేకపోతే?"

"సంత రోజు కొండోలు వత్తారు. అల్లం అమ్ముడుపోనోలు ఉంటారు. ఆకలని ఎదర నిలబడితే ఏటి సేత్తాం? ఓ ముద్ద పడేత్తాను." నా వైపు అనుమానంగా చూసింది. "ఏటమ్మా, ఇన్‌కంటేక్సోలివా?"

కాదని చెప్పి, సోమ్రి ఊరి పేరు చెప్పాను. రేపు శుక్రవారం సంత, ఆ ఊరోళ్ళు చింతపండు వరసలో కూర్చుంటారని చెప్పింది. "బేగి ఎల్లు. పొద్దు వాలితే ఒక్కలూ ఉండరు. ఆలు కొండ దిగేది వారానికి ఆ ఒక్క రోజే."

ఆ ఒక్క రోజే. ఈ మాట తొమ్మిదేళ్ళ కిందట నాకు తెలియక కాదు.

గేటు

సంతకి వెళ్ళేముందు హాస్టలు చూశాను. గేటుకి ఆకుపచ్చ రంగు వేశారు. లోపల కొత్త మేట్రను, పాతికేళ్ళ పిల్ల, నా పేరు చెప్పగానే కుర్చీ తెచ్చి వేసింది. "విజిటర్సు ఆదివారమేనండీ, కానీ మీకేంటి మేడం, మీరు మా మనిషి" అంది. ఆ బోర్డు ఇంకా అక్కడే ఉంది. 'సందర్శకులు ఆదివారం రెండు నుండి ఐదు వరకు మాత్రమే. బయటి ఆహారం అనుమతించబడదు.' రాతలు కొత్తవి, మాటలు నావి. ఎవరో పైవాళ్ళు పెట్టిన రూలు కాదు. నేనే పెట్టాను. సుక్రి పోవడానికి ముందేడాది ఎవరో తల్లి తెచ్చిన చేపల కూర తిని ముగ్గురు పిల్లలకి వాంతులయ్యాయని పెట్టాను. కారణం మంచిదే.

తొమ్మిదేళ్ళ కిందటి ఆ రోజు కూడా శుక్రవారమే. వానలు వెనకబట్టిన రోజులు. సోమ్రి సంతకని దిగి, గేటు ముందుకొచ్చి నిలబడింది. చేతిలో అడ్డాకుల పొట్లం. వాళ్ళ ఊళ్ళో సామ కొత్త. ఇది చదివేవాళ్ళకి చెప్పాలి. కొండల మీద కొత్త పంట ఏదొచ్చినా, సామలైనా చిక్కుడైనా మామిడికాయైనా, ఒక రోజు పెట్టుకుని ముందు పోయిన పెద్దలకి పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. దాన్నే కొత్త అంటారు. ఆ రోజు రాకుండా ఎవరూ ఆ పంట ముట్టరు. ఇంట్లో ఒక్కరికి కొత్త అందకపోయినా పెద్దలకి కోపమొస్తుందని నమ్మకం.

"సుక్రిని ఒక్క రోజు పంపండి మేడం. లేపోతే ఈ కూడైనా ఇయ్యండి. కొత్త కూడు" అంది.

నేను బోర్డు చూపించాను. చదువురాని మనిషికి బోర్డు చూపించాను! "ఆదివారం రా. తిండి తేకు" అన్నాను.

"ఆదివారం సంత లేదు గదా" అంది. అక్కడే నిలబడింది. "గుంట బాగుందా?" అని కూతురి గురించి అడిగింది.

సుక్రికి పొద్దున్నుంచీ జ్వరం. దుప్పటి కప్పుకుని వణుకుతోంది. నేనే మాత్ర ఇచ్చి పడుకోబెట్టి వచ్చాను. ఉందని చెబితే తల్లి గేటు వదలదు, ఇంటికి తీసుకుపోతానంటుంది, మందు మానేసి దిష్టి తీయిస్తారు, మళ్ళీ నెల దాకా బడికి రాదు. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. లెక్కలో నేను గట్టిదాన్ని.

"బాగానే ఉంది" అన్నాను.

ఆమె పొట్లం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆదివారం తెల్లవారుజామున సుక్రికి తెలివి తప్పింది. జీపులో విశాఖ తీసుకెళ్ళాం. అదే ఆదివారం సోమ్రి, సంత లేకపోయినా, కొండ దిగి వచ్చిందట. రెండు గంటలకి సరిగ్గా. విజిటర్సు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారట. పోయిన పిల్లని ఇంటికి చేర్చడానికి నేను వెళ్ళలేదు. ఆయానీ ప్యూనునీ పంపాను. ఆ ఏడాది చివర్లోనే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని కిందికి వచ్చేశాను.

చింతపండు వరస

సంతలో అల్లం, పిప్పళ్ళు, కొండ చీపుళ్ళు. రెండు చీపుళ్ళు పది రూపాయలు. ముక్కుకి మూడు బంగారు పుల్లలు పెట్టుకున్న ఆడవాళ్ళు నవ్వుతూ బేరమాడుతుంటే బేరమాడటానికి మనకే సిగ్గేస్తుంది. చింతపండు వరసలో గురుబారి అనే నడివయసు మనిషి దొరికింది. సోమ్రికి ఆడపడుచట. వాళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి పేర్లు. సోమ్రి సోమవారం పుట్టింది, గురుబారి గురువారం. సుక్రి శుక్రవారం పుట్టింది.

"ఏటి పని?" అంది గురుబారి.

"సోమ్రిని చూడాలి" అన్నాను. ఆమె అంతకుమించి అడగలేదు. బుట్ట ఖాళీ చేసి "నడు" అంది.

జీపులో ఇరవైమందిమి. ఇద్దరు బానెట్టు మీద. నా ఒళ్ళో ఎవరిదో కోడిపుంజు. గంటన్నర తర్వాత ఒక మలుపులో దింపాడు. అక్కణ్ణుంచి గెడ్డ, అంటే కొండవాగు, దాటి మూడు మైళ్ళు ఎక్కుడు. గెడ్డలో కాలు జారి నా చెప్పు కొట్టుకుపోయింది. రెండోది చేత్తో పట్టుకుని కాసేపు నడిచి, ఇదెందుకని దాన్నీ అక్కడే వదిలేశాను. గురుబారి నవ్వలేదు. తన చెప్పుల్లేని కాళ్ళు చూపించి "ఇయ్యి సాల్తాయి" అంది.

దారిలో ఉండబట్టలేక చెప్పాను, నేను హాస్టలు మేడాన్నని. గురుబారి నడక ఆపలేదు. చాలా దూరం పోయాక అంది. "వొదిన సామ తినదు. తొమ్మిదేళ్ళు. అందరికీ వండుద్ది. తను తినదు."

"ఎందుకు?"

"ఆ రోజు కొత్త కూడు గుంటకి అందనేదు. మావోలు ఆగనేదు, సాయంత్రం అందరం తినీసినాం. వొదినా తినింది. గుంట పోయింది. పెద్దలు అట్టుకుపోయినారు. గుంట లేకుండా తిన్నాను, నేనే సంపుకున్నాను అంటాది."

నేను దారి పక్క ఒక రాయి మీద కూర్చున్నాను. ఎక్కుడు వల్ల అని గురుబారి అనుకుని ఉంటుంది. నేనెప్పుడూ సోమ్రి నన్ను తిట్టుకుంటూ ఉంటుందనే ఊహించుకున్నాను, అదే నా శిక్ష అనుకున్నాను. ఆమె లెక్కలో నేను లేనే లేను. నా తప్పు కూడా ఆమే మోస్తోంది.

సోమ్రి ఇల్లు

ఎర్రమట్టి అలికిన అరుగు. సోమ్రి చేట పట్టుకుని చిక్కుడు గింజలు ఏరుతోంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేచింది. ఎవరని అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద తనే పోసింది. కాలి బొటనవేలు రాయి తగిలి చీరుకుపోయి ఉంటే పసుపు నూరి పెట్టింది. మా వైపు చుట్టమొస్తే ముందు కబుర్లు, తర్వాత కాఫీ. ఇక్కడ తినేదాకా ఏ కబురూ అడగరట. ఆకలి కడుపుతో మనిషి నిజం చెప్పదని గురుబారి అంది.

నేను మాట మొదలుపెట్టబోతే సోమ్రి చెయ్యెత్తి ఆపింది. "కూడు తినీసి సెప్పు."

అడ్డాకు వేసి సామ అన్నం, చిక్కుడు గింజల పులుసు వడ్డించింది. నా సంచిలో కాచిన నీళ్ళ సీసా పైకి కనబడుతోంది. సోమ్రి దాన్ని చూసింది. నేను దాన్ని లోపలికి తోసేసి ఆమె ఇచ్చిన చెంబు ఎత్తి తాగాను. సన్నటి సామ, నెమ్మదిగా నమిలితే తియ్యగా ఉంది. ఆ రోజు ఆకుల పొట్లంలో ఉన్నది ఇదేనని తెలుస్తూనే ఉంది. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. సోమ్రి నాతో కూర్చుని చోడి అంబలి తాగింది.

చేతులు కడుక్కున్నాక చెప్పాను. చాలా మాటలు తయారుచేసుకుని వెళ్ళాను. అవేవీ రాలేదు.

"ఆ శుక్రవారం నువ్వు గేటు దగ్గరికొచ్చావు. గుంట బాగుందా అని అడిగావు. బాగుందన్నాను. అది అబద్ధం. అప్పటికే జ్వరం. పొద్దున్నుంచీ ఉంది. నాకు తెలుసు. తెలిసే చెప్పాను."

సోమ్రి గురుబారి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. గురుబారి జవాబు చెప్పింది. సోమ్రి మళ్ళీ నా వైపు తిరిగింది.

"అంటే... కొత్త తినకముందే?"

"తినకముందే. మీరు సాయంత్రం తిన్నారు. దానికి పొద్దున్నే జ్వరం. కొత్త వల్ల కాదు సోమ్రీ. నీ వల్ల కాదు. దోమల జ్వరం. ఆ రోజే నీతో పంపినా, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళినా..."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది గాని గింజలు ఏరలేదు.

"తొమ్మిదేళ్ళు" అంది. "నేనే సంపుకున్నాననుకున్నాను. మా ఆయన కూడా అదే అనీసి సచ్చిపోయినాడు. నువ్వు అప్పుడే ఓ ముక్క సెప్తే ఆడు అలా అనీసి పోకపోను."

ఆ సంగతి నేను ఎన్నడూ ఊహించలేదు. సుక్రి ఒక్కతే అనుకున్నాను. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య కూడా నా అబద్ధం అన్నేళ్ళు కూర్చుంది. రెండు చేతులూ జోడించి క్షమించమన్నాను. ముసలిదాన్ని, టీచర్ని, పిల్లల చేత ఎన్నో సార్లు క్షమాపణ చెప్పించినదాన్ని. నేను అడగడం అదే మొదలు.

సోమ్రి నా చేతులు కిందికి దించింది. విసురుగా కాదు.

"కూడెట్టినానని మర్సిపోయినాననుకోకు. ఇంటికొచ్చినోలికి పెట్టకపోతే అది మా తప్పు. పగోడైనా పెడతాం. పెట్టడం ఏరు, అది ఏరు."

"ఎప్పటికైనా..."

"తెల్దు. నన్ను అడక్కు."

అదే ఆమె మొత్తం జవాబు. నా డిక్షనరీలో లాటిన్‌వాడు రెండు మాటలతో చేసిన పనిని ఆమె ఒక్క అరుగు మీద, ఒక్క మనిషికి, ఒకే పూట చేసింది. నాకు చుట్టం మర్యాదంతా చేసింది, క్షమించనూ లేదు. క్షమిస్తుందనే ఆశతోనే కొండెక్కానని అప్పుడు తెలిసింది. ఆమె కోసం వెళ్ళానని అనుకోవడం కూడా కొంత అబద్ధమే.

పొద్దు ఇంకా ఉంది. బయల్దేరతానంటే సోమ్రి లోపలికి వెళ్ళి, చనిపోయిన భర్తవి కాబోలు, రబ్బరు చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది. నా సంచి తనే అందుకుంది. వద్దంటే వినలేదు. చుట్టాన్ని గెడ్డ దాకా దింపాలట. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే.

దారిలో ఒకచోట ఆగి, కింద లోయలోకి చూపించి "అదిగో మీ ఆస్టలు" అంది. తెల్లటి గోడ, చిన్నగా. వాళ్ళ ఇంటినుంచి కొంచెం దిగితే చాలు, కనబడుతుంది. సుక్రి అక్కడున్నన్నాళ్ళూ ఆమె ఇక్కడికొచ్చి చూసేదేమో. అడగలేకపోయాను.

గెడ్డ దాటించి రోడ్డు మీదికి చేర్చింది. జీపు రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆమె వెళ్ళిపోలేదు. వెళ్ళిపొమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది. జీపొచ్చాక సంచి అందించి, చోటు దొరికిందో లేదో చూసి, రోడ్డు పక్కకి జరిగి నిలబడింది. వెళ్ళొస్తానన్నాను. ఆమె రా అనలేదు, వద్దనీ అనలేదు.

జీపు కదిలింది. వెనక్కి తిరిగి చూశాను. నిలబడే ఉంది. మొదటి మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది. రెండో మలుపులో చెట్ల సందునుంచి మళ్ళీ రోడ్డు కనబడింది. అప్పుడూ అక్కడే ఉంది.

ఆ శుక్రవారం ఆమె కొత్త కూడు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగినప్పుడు నేను ఆమె రోడ్డెక్కేదాకా కూడా ఆగలేదు. లోపల కాఫీ చల్లారిపోతోందని వెళ్ళిపోయాను.